ఆ రెండు నట్ల బిగువు

మా ఆయన వెండెల్ ఏ నట్టునైనా మూడుసార్లు బిగిస్తాడు. గడ్డి కోసే మిషను బ్లేడయినా సరే, వంటింటి కుళాయి అయినా సరే, చర్చి హాల్లో మడత కుర్చీ అయినా సరే. ఒకసారి బిగించి, రెంచి కింద పెట్టి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొస్తాడు. ఇంకోసారి బిగిస్తాడు. చేతులు తుడుచుకుని, గుడ్డ పక్కన పడేసి, "ఒక్క నిమిషం" అని మూడోసారి వెళ్తాడు. మా పెళ్ళయి యాభై ఏళ్ళయింది. అందులో ముప్పై రెండేళ్ళుగా ఈ "ఒక్క నిమిషం" వింటూనే ఉన్నాను. కారులో కూర్చుని, ఒళ్ళో ఓవెన్లోంచి అప్పుడే తీసిన క్యాసరోల్ గిన్నె పెట్టుకుని, తొడలు కాలుతుంటే వింటూనే ఉన్నాను.

ఊళ్ళో వాళ్ళకి ఇదో వేళాకోళం. "వెండెల్ బిగించిన నట్టు విప్పాలంటే మళ్ళీ వెండెలే రావాలి" అంటారు కేఫ్‌లో. జాగ్రత్త అనుకుంటారు. జాగ్రత్తా, నా బొందా! అది భయం. దానికి పుట్టినరోజు కూడా ఉంది. పంతొమ్మిది వందల ఎనభై ఏడు, జూలై నెల, రెండో శనివారం.

ఆ భయమే ఇన్నేళ్ళ తర్వాత, ఈ ఏడు మార్చి చివర్లో, ట్రైలరెక్కి మా వాకిట్లోకి వచ్చింది. అప్పటికి షెడ్డుకి ఉత్తరం పక్క నీడలో తప్ప మంచంతా కరిగిపోయింది. వాకిలి చీలమండల దాకా బురద. ఆ బురదలో ట్రైలరు ఆపి దిగింది బ్రిట్. మా బడికి కొత్తగా వచ్చిన టీచరు. ఊరి చివర నాలుగెకరాలు కొనుక్కుని కూరగాయలు పండిస్తానంటోంది.

"ఆర్డిస్ గారూ, వెండెల్ గారున్నారా? నేనో ట్రాక్టరు కొన్నాను. అంటే... ట్రాక్టరే అనుకుంటున్నాను."

నేను వెళ్ళి చూశాను. నడుమెత్తున చిన్న తోట ట్రాక్టరు. ఎవరో బ్రష్షుతో ఒళ్ళంతా నీలం రంగు పులిమేశారు. ఇంజిను మీద మూత లేదు, ఆ ఖాళీలో మట్టి నింపారు. నిరుటి పెటూనియా కాడలు ఎండిపోయి వేలాడుతున్నాయి.

"ఇది పూలకుండీ కదమ్మా" అన్నాను.

"అవును, పక్క కౌంటీలో ఒకావిడ ముందువాకిట్లో అలాగే ఉంది. మూత మాత్రం గరాజులో దొరికింది. దుక్కి శనివారం నాటికి బాగవుతుందంటారా?"

దుక్కి శనివారం అంటే మే నెల మొదటి శనివారం. ఇలాంటి చిన్న ట్రాక్టర్లున్న వాళ్ళందరూ ఒక్కొక్క నాగలి తగిలించుకుని ఒకరి పొలంలో చేరి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా దున్ని, తిని, ఒకళ్ళ ఇంజిన్ని ఇంకొకళ్ళు వెక్కిరించుకుని ఇళ్ళకి పోతారు. మా నార్త్ ఫోర్క్‌లో ఈస్టర్ తర్వాత అంతటి పండగ ఇదే.

వెండెల్ వచ్చాడు. గోనెసంచీ మడిచి మోకాళ్ళ కింద వేసుకుని కూర్చున్నాడు. ఇలాంటి పనంటే ఆయన మొహం విప్పారుతుంది. డెబ్భై మూడేళ్ళ మనిషి పదేళ్ళవాడైపోతాడు. జేబుకత్తితో రంగు గీకాడు. నీలం కింద తెలుపు, తెలుపు కింద ఆవపువ్వు పసుపు.

"లార్క్‌ఫీల్డ్" అన్నాడు. "ఈ పసుపు ఆ కంపెనీదే. ఏ ఏడాదిదో చూడాలి."

"ఇంజిను మీద ఏడాది రాసిన బిళ్ళ ఉంటుందట కదా?" అంది బ్రిట్.

"ఉండాల్సిన చోట రెండు చిల్లులున్నాయి, చూడు. ఉన్నా నేను నమ్మను. ఆ పైరేకులు అందరూ మార్చేస్తుంటారు. పది హార్స్‌పవర్ ఇంజిను మీద పధ్నాలుగు బిళ్ళ చూశాను నేను. పోత ఇనుములో పడిన అంకె ఒక్కటే మారదు."

వెనక ఇరుసు కింద తల దూర్చి, వేలితో బురద తుడిచి, అంకెలు చదివాడు. అరవై ఎనిమిదిదట, పన్నెండు హార్స్‌పవర్. ఇంజిను తిప్పబోతే కదల్లేదు, బిగుసుకుపోయింది. "పర్లేదు, చూద్దాం" అంటూ వెనక నాగలి తగిలించే కమ్మీ దగ్గరికి జరిగాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆ కమ్మీ ఒకప్పుడు విరిగితే ఎవరో అతికారు. అతుకంతా ఉండలు ఉండలుగా ఉంది. వెండెల్ ఆ ఉండల్ని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. తర్వాత లేచాడు. "సరేనమ్మా, ఉంచి వెళ్ళు" అన్నాడు బ్రిట్ మొహం చూడకుండా. లోపలికొచ్చి సింకు దగ్గర చేతులు కడుగుతూనే ఉన్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ లేదు."

మా వైపు మగాళ్ళు "ఏమీ లేదు" అన్నారంటే కొంప మునిగిందనే అర్థం. నేను కుళాయి కట్టేశాను.

"అది గేలెన్‌ది" అన్నాడు. "ఆ వెల్డింగు వాడిదే. అంత దరిద్రంగా ఈ మూడు కౌంటీల్లో ఇంకెవరూ చెయ్యరు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

గేలెన్ బ్రెక్కె, వెండెల్ ఒకే బళ్ళో, ఒకే బెంచీలో చదువుకున్నారు. "ఏరా" అంటే "ఏరా" అనుకునేవాళ్ళు. గేలెన్‌కి నలభై పాడి ఆవులుండేవి. మా ఆయన పగలు దాణా మిల్లులో మరమ్మతులు చేసేవాడు, సాయంత్రాలు షెడ్డులో ఊళ్ళో వాళ్ళ చిన్న ఇంజిన్లు బాగుచేసేవాడు. ఎనభై ఏడు జూన్‌లో గేలెన్ తెచ్చిన ఈ ట్రాక్టరు ఇంజిన్ని వెండెల్ మొత్తం విప్పి కొత్తది చేసినంత పని చేసి ఇచ్చాడు. జూలైలో గేలెన్ కాలవగట్టు వాలులో గడ్డి కోస్తుంటే ఆ ఇంజిను ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. వెనకచక్రాలు పట్టేశాయి. ట్రాక్టరు జారి, బోర్లపడి, గేలెన్ తుంటి మీద పడింది. ప్రాణం దక్కింది కానీ కాలు మళ్ళీ సరిగా రాలేదు. వంగి పాలు పితకలేని మనిషికి ఆవులెందుకు? ఏడాది తిరక్కుండా మంద మొత్తం అమ్మేశాడు.

ఇంజిను లోపల కనెక్టింగ్ రాడ్ అని ఒకటుంటుంది. పిస్టన్ని కింద తిరిగే ఇరుసుకి, అంటే క్రాంకుకి, పట్టి ఉంచేది అదే. దాని కాలిని రెండు నట్లు పట్టి ఉంచుతాయి, అవి వదులైతే ఇంజిను పట్టేస్తుంది. ఆ జూన్ సాయంత్రం వెండెల్ ఆ రెండు నట్లు బిగిస్తుండగా షెడ్డులో ఫోను మోగింది. వెళ్ళి మాట్లాడి వచ్చి, అడుగున ఆయిల్ పాన్ మూసేశాడు. ఫోనుకి ముందు ఆఖరి బిగువు బిగించాడా? వచ్చాక బిగించాడా? అసలు బిగించాడా? ఆయనకి గుర్తు లేదు. ఆ జూలై నుంచి ఇవాళ్టి దాకా గుర్తు రాలేదు.

ఆ ఫోను చేసింది నేనే. చర్చి వంటింట్లోంచి చేశాను, మా ఇంట్లో ఉండిపోయిన చర్చి కాఫీ డబ్బా, కుళాయి ఉన్న పెద్దది, పట్టుకురమ్మని.

ప్రమాదమైన నాలుగో రోజు ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. నా చేతిలో బంగాళదుంప క్యాసరోల్. వెండెల్ మంచం పక్కన నుంచుని టోపీ చేతుల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. చివరికి అన్నాడు: "జరిగిందేదో జరిగింది. ఇంక దాని గురించి మాట్లాడక్కర్లేదు కదా, గేలెన్?" గేలెన్ కళ్ళలో నీళ్ళు. "అక్కర్లేదు, వెండెల్" అన్నాడు. అంతే. అక్కడితో సరి. వెండెల్ తప్పుని గేలెన్ క్షమించినట్టే అనుకుని ఇంటికొచ్చాం. ఇక ఆ ఇద్దరి నోటా మళ్ళీ "ఏరా" రాలేదు. చలికాలంలో మంచు పడ్డ ప్రతి పొద్దునా మా ఆయన వెళ్ళి గేలెన్ వాకిట్లో మంచు తోసి వచ్చేవాడు. అక్టోబరు రాగానే గేలెన్ నుంచి సగం పంది మాంసం పొట్లాలు కట్టి వచ్చేది. "చూడు, ఎంత పెద్ద మనసో" అని వెండెల్ ఆ పొట్లాలు ఫ్రీజర్లో సర్దుతూ కళ్ళు తుడుచుకునేవాడు.

గేలెన్ భార్య లవోన్ మాత్రం క్షమించలేదు. అంతకుముందు ఏటా ఆగస్టులో మేమిద్దరం కలిసి దోసకాయ ఊరగాయ పెట్టేవాళ్ళం, మా వంటింట్లో ఒక ఏడు, వాళ్ళ వంటింట్లో ఒక ఏడు. ఆ ఆగస్టులో నా సీసాలన్నీ శుభ్రంగా కడిగి, ఖాళీవి, మా వరండాలో పెట్టి వెళ్ళిపోయింది. తలుపు కూడా తట్టలేదు. తర్వాత చర్చిలో ఎదురైతే "బాగున్నావా" అనేది, అదీ నా భుజం మీదుగా గోడని చూస్తూ. నాలుగేళ్ళ కిందట పోయింది. శవపేటిక దగ్గర నుంచుని నేను ఏడ్చిన ఏడుపు చూసి వాళ్ళ బంధువులు ఆశ్చర్యపోయారు.

ఇదీ సంగతి. ఆ తర్వాత గేలెన్ ట్రాక్టర్ని వేలంలో వదిలించుకున్నాడని తెలుసు. అది పూలకుండీ అయిందని, ఆ ఇంజిను తెరిచిన నాథుడు లేడని ఇప్పుడు తెలిసింది. అంటే ఆ రెండు నట్లు ఎలా ఉన్నవి అలాగే లోపల ఉన్నాయి. తెరిస్తే తెలిసిపోతుంది.

వెండెల్ తెరవలేదు. రెండు వారాలు తెరవలేదు. ట్యాంకులో గులకరాళ్ళు, వెనిగరు పోసి గలగలలాడించి తుప్పు వదిలించాడు. కార్బొరేటరు విప్పి ముక్క ముక్కా ఉడకబెట్టాడు, అదీ నా గిన్నెలో. టైర్లు మార్చాడు. సీటు కుట్టించాడు. నీలం రంగంతా గీకి మళ్ళీ పసుపు వేశాడు. ఇంజిన్ని ట్రాక్టరు నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టి, పైన గోనెసంచీ కప్పాడు.

"దానికి పౌడరూ లిప్‌స్టిక్కూ కూడా పెట్టు. ఇంజిను మాత్రం ముట్టుకోకు" అన్నాను.

"ముట్టుకుంటాలే."

"ఎప్పుడు?"

"ఆ నట్లు వదులుగా ఉంటే, ఆర్డిస్?"

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒక్కసారే. "ఉంటే ఉంటాయి. ఇప్పుడేం కొత్తగా? ముప్పై రెండేళ్ళుగా వదులుగానే ఉన్నాయనుకుంటూ బతికావు కదా!"

"అనుకోవడం వేరు" అన్నాడు.

ఆయన తిండి తగ్గిపోయింది. పొయ్యి కట్టేశానో లేదోనని కారు మలుపు తిరిగాక వెనక్కి తిప్పడం మామూలే, ఇప్పుడు రెండోసారి కూడా తిప్పుతున్నాడు. నాకూ నిద్ర పట్టేది కాదు. ఆ కాఫీ డబ్బా ఇంకోళ్ళని తెమ్మంటే పోయేది కదా, అంత తొందరేమొచ్చింది నాకు అని అదే ఆలోచన.

ఏప్రిల్ మధ్యలో ఒక గురువారం పొద్దున వాన. షెడ్డు తలుపు దగ్గర నుంచుని పిలిచాడు: "ఆర్డిస్, ఒకసారి వస్తావా?"

యాభై ఏళ్ళలో నన్ను షెడ్డులోకి ఆయన పిలవడం అదే మొదలు. "ఎందుకు?"

"ఊరికే. పక్కన నుంచో."

ఇంజిను బల్ల మీద తలకిందులుగా ఉంది. ముందే ఆయిల్ ప్లగ్గు విప్పితే చెంచాడు నల్లటి జిడ్డు తప్ప రాలేదట. "బోర్లపడింది కదా, అప్పుడే కారిపోయుంటుంది" అన్నాడు. పాన్ చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటే విప్పి వరసగా పెట్టాడు. పట్టీ అతుక్కుపోయింది. పల్చటి కత్తి దూర్చి చుట్టూ తిప్పాడు. పాన్ ఊడి చేతిలోకొచ్చింది. తల వంచి లోపలికి చూశాడు. ఆయన తల అడ్డం, నాకేం కనబడదు. రేకుల మీద వాన చప్పుడు, ఆయన ఊపిరి చప్పుడు.

"ఏముంది? చెప్పు మహానుభావా, నా ప్రాణం పోతోంది!"

"టార్చి వెయ్యి."

వేశాను. రాడ్ కాలి మీద సుత్తితో కొట్టిన మూడు చుక్కలు కనబడ్డాయి. అవి ఆయన గుర్తే, తను విప్పిన ప్రతి ఇంజిన్లోనూ పెడతాడు. చుక్కలకి అటొకటి, ఇటొకటి నట్టు. ప్రతి నట్టు పక్కనా చిన్న రేకుచెవి, అది తిరగకుండా మడిచి ఉంది.

"మడిచే ఉన్నాయి కదా! బిగించాకే కదా మడుస్తావు?" అన్నాను.

"బిగించకుండా కూడా మడిచి ఉండొచ్చు. ధ్యాస ఫోను మీద ఉంటే."

రేకుచెవులు స్క్రూడ్రైవరుతో పైకి లేపాడు. టార్క్ రెంచి తీశాడు. అది నట్టు మీద పెట్టి తిప్పితే, కావలసిన బిగువు ఉంటే టిక్కుమంటుంది, లేకపోతే నట్టు తిరుగుతుంది. అంకె సరిచేశాడు. రెండు చేతులా పట్టుకుని మొదటి నట్టు మీద పెట్టి లాగాడు.

టిక్.

నట్టు వెంట్రుకంత కూడా కదల్లేదు. రెండో దాని మీద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

టిక్.

మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. మూడోసారి కూడా చేశాడు, ఆ మూడోసారికి నేనేమీ అనలేదు. రెంచి బల్ల మీద పెట్టి, బోర్లించిన బకెట్టు మీద కూలబడి, "బిగిసే ఉన్నాయి" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. చిన్నపిల్లల్లా ముక్కులు కారేలా ఏడ్చాం, దాచడమెందుకు.

కానీ మా ఆయనకి సంతోషం అరగంట కంటే నిలవదు. లేచి మళ్ళీ టార్చి తీసుకున్నాడు. క్రాంకు వేడికి నీలం తిరిగి ఉంది. రాడ్ కరిగి దానికి అంటుకుపోయింది. "ఇది ఆయిల్ లేక చచ్చిన ఇంజిను" అన్నాడు మెల్లగా. "బోర్లపడ్డాక కారింది కాదు. ముందే లేదు." ట్రేలో ఉన్న ఆయిల్ ప్లగ్గు తీసి చూశాడు. దాని అంచులు పళ్ళతో కొరికినట్టున్నాయి. "నేను సాకెట్టు రెంచితో బిగిస్తాను. ఇది కటింగు ప్లయరు పెట్టి తిప్పింది. గేలెన్ పనే. అయిదు గంటలు నడిపాక పాత ఆయిల్ తీసి కొత్తది పొయ్యమని చీటీ రాసి స్టీరింగుకి కట్టాను. తీసినట్టున్నాడు. పొయ్యలేదు."

నేను అన్నాను: "అయితే ఇప్పుడే వెళ్ళి ఆ మనిషికి చెబుదాం పద."

"వద్దు!" అని గుడ్డ తీసి రాడ్ మీద కప్పేశాడు. "వాడికి తెలియకూడదు. డెబ్భై దాటాడు, పెళ్ళాం పోయింది, ఒంటరిగా ఉన్నాడు. తన కాలు తనే విరగ్గొట్టుకున్నానని ఇప్పుడు తెలిస్తే ఏమైపోతాడు? ఆర్డిస్, ఈ సంగతి ఎక్కడా అనకు. కేఫ్‌లో ఎవరైనా అడిగితే తుప్పు పట్టి బిగుసుకుందని చెబుతాను."

చూశారా! ఒక భయం పోయిందో లేదో దాని కుర్చీలో ఇంకోటి కూర్చుంది.

కేఫ్‌లో అప్పటికే పొక్కిపోయింది, బ్రిట్ ట్రాక్టరు ఒకప్పుడు గేలెన్‌దేనని, వెండెల్ ఇంజిను తెరిచాడని. మా ఊళ్ళో దగ్గితే మూడో వీధిలో మందు ఇస్తారు. మర్నాడే గేలెన్ పాత పికప్ మా వాకిట్లో ఆగింది. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ, బురద చూసుకుంటూ షెడ్డు వైపు వచ్చాడు. వెండెల్ కంగారుగా రాడ్ మీది గుడ్డని ఇంకాస్త లాగి కప్పేశాడు.

"బాగున్నావా, గేలెన్?"

"బాగానే ఉన్నా, వెండెల్. నువ్వు?"

"ఆఁ. వాన తగ్గేలా లేదు."

"తగ్గదు."

గేలెన్ కోటు జేబుల్లోంచి రెండు ఆయిల్ సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ పసుపెక్కిపోయింది. లేబుళ్ళు వెలిసిపోయాయి. మూతల సీళ్ళు మాత్రం తియ్యలేదు.

"అది మళ్ళీ నడవబోతోందని విన్నా. దాని ఆయిల్ దానికే ఇచ్చేద్దామని తెచ్చా. నువ్వు ఇంజినుతో పాటు ఇచ్చినవే." టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఇంకో సంగతి. ఇన్నేళ్ళూ చెప్పలేదు. థాంక్స్, వెండెల్."

"దేనికి?" అన్నాడు మా ఆయన.

"నా పరువు కాపాడినందుకు. ఎవరికీ చెప్పనందుకు."

"ఏం చెప్పనందుకు?"

గేలెన్ ఆయన మొహంలోకి చూశాడు. నా మొహంలోకీ చూశాడు. "ఆ రోజు పొద్దున పాత ఆయిల్ తీసేశాను. కారుతుండగా పెయ్యలు రోడ్డెక్కాయని కేకలేశారు. వాటిని తోలుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం లవోన్ వాళ్ళక్క వస్తోంది, గట్టు మీద గడ్డి కొయ్యలేదని లవోన్ గొడవ. ప్లగ్గు బిగించి ఎక్కేశాను. ఆరు వారాల తర్వాత ఆస్పత్రి నుంచొచ్చి చూస్తే ఇవి అలమర మీద ఇలాగే ఉన్నాయి. కాలవలోంచి ట్రాక్టరు లాగింది నువ్వే కదా. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ చూసే ఉంటావు. చూసి కూడా ఆస్పత్రికొచ్చి, ఇంక మాట్లాడక్కర్లేదు కదా అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు."

"నేను చూడలేదు" అన్నాడు వెండెల్. "చూసే ధైర్యం చాల్లేదు. నట్లు బిగించడం మర్చిపోయానేమోనని. నువ్వే నన్ను క్షమించావనుకున్నా."

"నేనా?"

"మరి ఆ పంది మాంసం?"

"నువ్వు నన్ను క్షమించినందుకురా! మరి మంచెందుకు తోశావు?"

"నువ్వు నన్ను క్షమించినందుకు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు గేలెన్‌కి నవ్వొచ్చింది. తర్వాత మా ఆయనకి. బల్ల పట్టుకుని, వంగిపోయి, దగ్గొచ్చేలా నవ్వారు. "ఏరా, ముప్పై రెండేళ్ళ మంచురా!" "ఏరా, పదహారు పందులురా!" అని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.

నాకు నవ్వు రాలేదు.

"లవోన్‌కి చెప్పావా?" అన్నాను.

నవ్వు ఆగింది. గేలెన్ టోపీ తిప్పడం మొదలుపెట్టాడు.

"నిన్నే అడుగుతున్నాను, గేలెన్. లవోన్‌కి చెప్పావా?"

"ఒకసారి అడిగింది, వెండెల్ సరిగా బిగించలేదా అని. నేను... ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదు!"

"అప్పుడు చెబుదామనే అనుకున్నా, ఆర్డిస్. ఇవాళ, రేపు అనుకుంటూ..."

"ఊరంతా నా మొగుడి చేతకానితనం అనుకున్నారు. ఆ ఏడు ఈ షెడ్డుకి ఒక్క ఇంజిను రాలేదు. అది నీకు వినబడలేదా? నా స్నేహితురాలు నా సీసాలు కడిగి నా గుమ్మంలో పడేసి పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు నా మొహం చూడకుండా బతికి, అలాగే పోయింది. నువ్వు మాత్రం అక్టోబరు అక్టోబరుకీ మాకు మాంసం పంపావు!"

"ఆర్డిస్..." అన్నాడు వెండెల్.

"నువ్వు మాట్లాడకు!"

మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ తాగకుండా వెళ్ళరు. చందాలకొచ్చినవాడికీ, దారి తప్పి వచ్చినవాడికీ పోస్తాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆ నియమం తప్పలేదు. ఆ రోజు తప్పాను. ఇంట్లోకొచ్చి, పొయ్యి మీద పొగలు కక్కుతున్న కాఫీని సింకులో పారబోశాను. గేలెన్ టోపీ పెట్టుకుని, పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు.

వెండెల్ క్రాంకుని పట్నం పంపి సాన పట్టించాడు. కొత్త రాడ్ తెప్పించాడు. నట్లు బిగించాడు. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను, మూడుసార్లే. బిగిసి ఉన్నాయని తెలిశాక కూడా మూడే. ఇంక ఆ జబ్బు ఆయనతోనే పోతుంది.

దుక్కి శనివారం నాడు ఎండ కాసింది. ఇరవై ఎనిమిది ట్రాక్టర్లు వచ్చాయి. బ్రిట్ పసుపు ట్రాక్టరెక్కి కూర్చుంది. వెండెల్ డిప్‌స్టిక్ తీసి చూశాడు, తుడిచి మళ్ళీ చూశాడు, "ఒక్క నిమిషం" అని మళ్ళీ చూశాడు. "వెండెల్ గారూ, సాయంత్రమైపోతుంది" అని బ్రిట్ నవ్వింది. తాళం తిప్పింది. ఇంజిను దగ్గింది, ఆగింది. వెండెల్ మొహం పాలిపోయింది. రెండోసారి తిప్పింది. టకటకమని అందుకుంది. నల్లమట్టి చాలులోంచి లేచి పక్కకి తిరగబడుతుంటే మా ఆయన చాలు పక్కనే నడిచాడు, చెవి ఇంజిను వైపు వంచి, నాలుగు చాళ్ళు పూర్తయ్యే దాకా.

నేను బల్ల దగ్గర కాఫీ పోస్తున్నాను. చర్చిది అదే పెద్ద డబ్బా. గేలెన్ చెట్ల నీడలో దూరంగా నుంచున్నాడు. చివరికి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"గురువారం కేఫ్‌లో చెప్పాను, ఆర్డిస్. అందరూ ఉండగానే. లేచి నుంచుని మరీ చెప్పాను. ఆయిల్ పొయ్యలేదని, ఎవరి తప్పూ లేదని, నాదేనని."

నాకు తెలుసు. గురువారం మధ్యాహ్నానికే నలుగురు ఫోను చేశారు. మా ఊళ్ళో మగాడు అలా లేచి నుంచుని తన తప్పు చెప్పుకోవడం నేను పుట్టి ఎరగను. ఆ మాట గేలెన్‌తో అనలేదు.

"లవోన్‌కి ఎలా చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు.

"నాకూ తెలియదు" అన్నాను.

నిజంగానే తెలియదు. ఆ ఆగస్టులు ఎవరిస్తారు నాకు? గేలెన్ తల వంచుకుని నుంచున్నాడు, వెనక వరస పెరుగుతోంది. కప్పు తీశాను. డబ్బా కుళాయి తిప్పాను. సగం నిండాక కట్టేసి గేలెన్ చేతికిచ్చాను.